ముసురు పట్టిన రోజు



నేను నల్లగొండ జిల్లాలో అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా చాలా ఏళ్ళు తిరిగినదాన్ని. నా సెక్టారులో ఉన్న కేంద్రాలన్నీ నెల తిరిగేలోగా చూసి రావాలి. పిల్లల తూకాలు, గుడ్ల లెక్కలు, రిజిస్టర్లు, బాలింతల ఇళ్ళకు వెళ్ళి పలకరించడం, ఇదీ మా పని. రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్ళలో పసిపిల్లలు ఎలా పెరుగుతారో, ఆ పెంపకం వాళ్ళ ఎదుగుదలను ఎటు నడిపిస్తుందో ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను. ముందుగా ఒక ఇంటి అరుగు దగ్గరికి తీసుకువెళ్తాను.

పత్తి ఏరే కాలం. పొద్దున ఏడు కావస్తోంది. కూలీల ఆటో వేపచెట్టు కింద ఆగి హారన్ కొడుతోంది. అరుగు మీద ఒక తల్లి, ఒళ్ళో పది నెలల పాప, పక్కన గిన్నెలో మెత్తగా పిసికిన పప్పన్నం. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతులూ ఒక్క చేత్తో అదిమిపట్టి, ముద్ద మీద ముద్ద నోట్లో పెడుతోంది. పాప మొహం తిప్పుకుంది. తల్లి దవడ పట్టి ఇటు తిప్పింది. నాలుగు ముద్దలు లోపలికి పోయాయి, రెండు చెంపల మీదుగా కారిపోయాయి. ఆటో మళ్ళీ హారన్ కొట్టింది. తల్లి కొంగుతో పాప మూతి తుడిచి, ఆరేళ్ళ పెద్దపిల్ల చంకకు ఎత్తించి, తలకు తువ్వాలు చుట్టుకుంటూ పరుగెత్తింది. ఆ పది నిమిషాల్లో పాపతో ఆమె అన్న మాట ఒక్కటే. "మింగు."

నేను నా డైరీలో రాసుకున్నాను. తల్లికి అవగాహన లేదు, కౌన్సెలింగ్ ఇవ్వాలి అని.

మూడు వారాల తరవాత మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. తుఫాను ముసురు పట్టి రెండు రోజులైంది. చేలో పత్తి తడిసిపోయింది, కూలి లేదు. అదే అరుగు, అదే తల్లి, అదే గిన్నె. ఈసారి పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ముద్ద చూపించి, పాప నోరు తెరిచేదాకా ఆగింది. మధ్యలో పాప దృష్టి చూరు మీదికి పోయింది. ధార కట్టి కారుతున్న నీళ్ళకేసి చెయ్యి చాపింది. తల్లి కూడా అటు చూసి, "వాన బిడ్డా, వాన. సల్లగుంది సూడు" అంటూ ఆ చిన్న చేతిని తీసుకెళ్ళి చూరు నీళ్ళ కింద పెట్టింది. పాప ఉలిక్కిపడి, తల్లి మొహంలోకి చూసి, తల్లి నవ్వుతోందని తేల్చుకుని అప్పుడు తనూ నవ్వింది. ఆ నవ్వులో ఒక ముద్ద పోయింది. తడిసిన కాకి ఒకటి గోడ మీద వాలితే దాని పేరు చెప్పి ఒక ముద్ద. గిన్నె ఖాళీ అయ్యేసరికి అరగంట పట్టింది.

ఈ మూడు వారాల్లో ఆమెకు ఎవరూ కౌన్సెలింగ్ ఇవ్వలేదు. నేను డైరీ తీసి పాత పేజీ చూసుకున్నాను. చాలా సిగ్గేసింది. బిడ్డకు ఎలా తినిపించాలో ఆమెకు ఎప్పుడూ తెలుసు, తన తల్లి దగ్గర చూసి నేర్చుకుంది. ఆటో హారన్ కొట్టిన రోజున ఆమె చేతిలో లేనిది ఆ అరగంటే.

చాలా ఏళ్ళ తరవాత తమిళనాడు చెరకు రైతుల మీద జరిగిన ఒక పరిశోధన గురించి చదివినప్పుడు నాకు ఈ అరుగే గుర్తొచ్చింది. ఆ పరిశోధన 2013లో వెలువడింది. 54 ఊళ్ళలో 464 మంది రైతులు. చెరకు డబ్బు ఏడాదికి ఒక్కసారే చేతికొస్తుంది. కోతకు ముందు నెలల్లో చేతిలో పైసా ఆడదు, బంగారం తాకట్టులో ఉంటుంది. కోత అయ్యాక అప్పు తీరి మనిషి కాస్త ఊపిరి తీసుకుంటాడు. కోతకు ముందొకసారి, కోత తరవాత ఒకసారి అదే రైతుకు ఆలోచనను, ఏకాగ్రతను కొలిచే పరీక్షలు పెట్టారు. కోతకు ముందు రైతులు సగటున వెనకబడ్డారు, కోత తరవాత పుంజుకున్నారు. రైతు అతనే, బుర్రా అదే. వడ్డీ, బియ్యం, పిల్లల ఫీజు, తాకట్టు గడువు లోపల తిరుగుతూ ఉంటే ఇంకోదానికి చోటెక్కడ మిగులుతుంది?

పెంపకం అన్నది ఈ మిగిలిన చోటులోనే జరగాలి. పేదింట్లో పసివాడి ఎదుగుదల గురించి ఏం మాట్లాడినా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

ఇక బిడ్డ వైపు నుంచి చూద్దాం. మాటలు రాకముందే పసిబిడ్డ మాట్లాడటం మొదలుపెడుతుంది. మూడో నెలలో "ఉంగా" అంటుంది, అని ఆగుతుంది. జవాబు కోసం ఆగుతుంది. "ఏందిరా, కతలు చెప్తున్నవా?" అని అమ్మమ్మ వంగి అడిగితే కాళ్ళూ చేతులూ ఆడించి మళ్ళీ "ఉంగా" అంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడంతోనే లోపల మెదడు అల్లుకుంటుంది. జవాబు రాకపోతే ఏమవుతుందో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970లలో చూపించాడు. బిడ్డతో ముద్దుగా మాట్లాడుతున్న తల్లిని ఉన్నట్టుండి కొద్ది నిమిషాలు ఏ కదలికా లేని మొహం పెట్టుకుని కూర్చోమన్నాడు. బిడ్డ ముందు నవ్వి చూస్తుంది, తరవాత చేతులు చాపుతుంది, కేక వేస్తుంది. ఏదీ పని చేయకపోతే మొహం పక్కకు తిప్పేసుకుంటుంది. తల్లి మళ్ళీ నవ్వగానే తేరుకుంటుంది. ఆ కొద్ది నిమిషాలకు నష్టమేమీ లేదు. కానీ రోజంతా నడుం వంచి పత్తి ఏరి వచ్చి, కట్టెల పొయ్యి ముందు కూలబడిన తల్లి మొహం కూడా చాలాసార్లు ఆ కదలిక లేని మొహమే. ఆ అలసటను కోపమనో విసుగనో మనం పేర్లు పెడతాం. బిడ్డకు పేర్లు తెలియవు. జవాబు రాలేదని మాత్రం తెలుస్తుంది.

"బిడ్డతో మాట్లాడుతుండమ్మా" అని నేను చెప్పినప్పుడు తల్లుల నుంచి ఎన్నోసార్లు ఒకే ప్రశ్న వచ్చేది. "గంతదానితోని ఏం మాట్లాడతం మేడం? దానికి సమజయితదా?" ఇందులో నిర్లక్ష్యం లేదు, నిజమైన సందేహం ఉంది. మాటలొచ్చాక మాట్లాడాలని చాలామంది అనుకుంటారు. మాట్లాడితేనే మాటలొస్తాయని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఈ మాటల లెక్క దగ్గర కాస్త ఆగాలి. అమెరికాలో కాన్సస్ ప్రాంతంలో హార్ట్, రిస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 42 కుటుంబాలను ఏళ్ళ తరబడి గమనించి 1995లో ఒక పుస్తకం వేశారు. నాలుగేళ్ళు వచ్చేసరికి ఉద్యోగస్తుల పిల్లలు విన్న మాటలకూ, ప్రభుత్వ సాయం మీద బతికే ఇళ్ళ పిల్లలు విన్న మాటలకూ మధ్య మూడు కోట్ల తేడా ఉంటుందని అంచనా కట్టారు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. నాకు ఆ అంకె వాడుకున్న తీరు నచ్చదు. ఆ 42లో ప్రభుత్వ సాయం మీద బతికే కుటుంబాలు ఆరే ఆరు. ఆరిళ్ళను చూసి పేదవాళ్ళకు పిల్లలతో మాట్లాడటం రాదని తీర్పు చెప్పేయడం అన్యాయం. 2018లో వేరే పరిశోధకులు పేద కుటుంబాలున్న మరికొన్ని ప్రాంతాలు చూసి, అంత తేడా అన్నిచోట్లా కనిపించదని, ఇంట్లో చుట్టుపక్కల వినబడే మాటలు కూడా లెక్కలోకి తీసుకోవాలని రాశారు. మా ఊళ్ళలో నాట్లు వేసే చోట ఒక గంట నిలబడితే చాలు, పేదింట మాటకు కరువుందో లేదో ఎవరికైనా తెలిసిపోతుంది.

అయినా ఆ నాట్ల మాటలు బిడ్డ తలమీదుగా పోతాయి. అది కూడా ఒప్పుకోవాలి. ఉత్తర కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే పేద కుటుంబాల పసివాళ్ళ మీద వైస్లెడర్, ఫెర్నాల్డ్ అనే ఇద్దరు 2013లో ఒక పని చేశారు. పిల్లల చొక్కా జేబులో చిన్న రికార్డరు పెట్టి ఒక రోజంతా వినబడిన మాటలు ఎక్కించారు. ఒక బిడ్డతో నేరుగా అన్న మాటలు ఆ రోజున 12 వేలు దాటాయి, ఇంకో బిడ్డతో అన్నవి 670 మాత్రమే. ఇద్దరివీ డబ్బు లేని ఇళ్ళే. తనతో అన్న మాటలు ఎక్కువగా ఉన్న బిడ్డకు రెండేళ్ళకు పదాలు ఎక్కువ వచ్చాయి. పెద్దవాళ్ళు తమలో తాము అనుకున్న మాటలు ఎన్ని చెవిన పడ్డా దానికి తోడు రాలేదు. నాకు ఇందులో ధైర్యం కనిపించింది. పేదరికమంతా ఒక్క మూసలో ఉండదు. పక్కపక్క ఇళ్ళలో, ఒకే కూలి డబ్బుతో, రెండు రకాల బాల్యాలు సాగుతున్నాయంటే మధ్యలో మనం చేయగలిగిన పని ఏదో ఉన్నట్టే కదా.

ఆ పని ఏమిటో మన జిల్లాలోనే ఒకసారి చేసి చూశారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్, ఆమె తోటి శాస్త్రవేత్తలు నల్లగొండ జిల్లాలో 60 ఊళ్ళను, 600 మంది తల్లీబిడ్డలను ఎంచుకున్నారు. పిల్లలకు మూడు నెలలప్పుడు మొదలుపెట్టి పదిహేను నెలలు వచ్చేదాకా చూశారు. ఊళ్ళను మూడు భాగాలు చేశారు. మొదటి భాగంలో అంగన్‌వాడీ ఎప్పటిలాగే నడిచింది. రెండో భాగంలో ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపి, ఆరు నెలలు నిండాక బిడ్డకు ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో చెప్పించారు. మూడో భాగంలో అది చెబుతూనే ఇంకో విషయం కలిపారు. బిడ్డ ఆకలి సైగలు ఎలా గుర్తుపట్టాలి, చాలన్నప్పుడు ఎలా ఆగాలి, తినిపిస్తూ ఎలా మాట్లాడాలి, ఏ నెలకు ఏ ఆట ఆడించాలి అన్నది. వయసుకు తగిన బొమ్మలు కూడా ఇచ్చారు.

ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. తిండి గురించి నేర్చుకున్న రెండు భాగాల్లోనూ పిల్లల ఆహారం మెరుగుపడింది. కానీ మానసిక ఎదుగుదల పరీక్షలో స్పష్టంగా ముందుకు వెళ్ళింది ఆట, మాట కలిపిన మూడో భాగం పిల్లలే. ఆ పరిశోధనతో నాకు ఏ సంబంధమూ లేదు. దాని గురించి చదివిన రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మేం ఇన్నేళ్ళుగా తూకం బల్ల దగ్గర నిలబడి గ్రాములు లెక్కపెట్టాం. బిడ్డ గిన్నెలోకి ఏం పోయిందో అడిగాం. ఆ గిన్నె పట్టుకున్న మనిషి మొహం బిడ్డ వైపు ఉందో లేదో ఎప్పుడూ అడగలేదు.

తూకం అక్కర్లేదని నా మాటకు అర్థం తీయకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివాళ్ళు తెలంగాణలో నూటికి 33.1, ఆంధ్రప్రదేశ్‌లో 31.2. అంటే దాదాపు ముగ్గురిలో ఒకరు. ఆ బిడ్డకు గుడ్డు కావాలి, పాలు కావాలి, బాలామృతం కావాలి. రక్తం పట్టని తల్లికి ఐరన్ మాత్ర కావాలి. కడుపు నిండని బిడ్డను ఆటలతో పెంచలేం.

అయితే పాలు ఒక్కటే చాలవని చెప్పిన కథ ఒకటుంది. అది జమైకా దేశానిది. 1986-87లో కింగ్‌స్టన్ నగరంలోని పేదవాడల్లో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు, ఆమె తోటివాళ్ళు 129 మంది పిల్లలను తీసుకున్నారు. అందరూ తొమ్మిది నెలలకూ రెండేళ్ళకూ మధ్య వయసువాళ్ళు, అందరూ ఎదుగుదల ఆగి పొట్టిగా ఉన్నవాళ్ళు. కొందరికి వారం వారం కిలో పాలపొడి ఇచ్చారు. కొందరి ఇంటికి వారానికి ఒక్క గంట, మన ఆశా కార్యకర్తలాంటి ఒకామె వెళ్ళి తల్లీబిడ్డలతో కలిసి ఆడింది. కొందరికి రెండూ అందాయి, కొందరికి ఏదీ లేదు. ఇలా రెండేళ్ళు.

ఆ గంటలో ఏం జరిగేదో కొంచెం దగ్గరగా చూడండి. ఆమె సంచిలో కొన్న బొమ్మలు ఉండవు. ఇంట్లో పారేసే వస్తువులతో చేసినవే ఉంటాయి. ఖాళీ ప్లాస్టిక్ సీసాలో రాళ్ళు వేసి మూత బిగిస్తే గిలక అవుతుంది. సీసాల మూతలకు బెజ్జం పెట్టి తాడుకు ఎక్కిస్తే దండ అవుతుంది. అట్టపెట్టె కోసి పాత పత్రికలోని బొమ్మలు అంటిస్తే పుస్తకం అవుతుంది. వచ్చినామె బిడ్డను తన ఒళ్ళోకి తీసుకుని ప్రదర్శన ఇవ్వదు. తల్లి ఒళ్ళోనే ఉంచి, తల్లి చేతికే బొమ్మ ఇచ్చి, తల్లి ఆడిస్తుంటే పక్కన కూర్చుని మెచ్చుకుంటుంది. వెళ్ళేటప్పుడు బొమ్మలు ఇంట్లోనే వదిలి వెళ్తుంది, మళ్ళీ వచ్చినప్పుడు కొత్తవి ఇస్తుంది. ఈ మెచ్చుకోవడం ఉంది చూశారా, నా లెక్కలో దాని బరువు చాలా ఎక్కువ. నువ్వు మంచి తల్లివి అన్న మాట పేదింటి ఆడమనిషి ఎవరి నోట వింటుంది చెప్పండి. అత్త అనదు, ఆసుపత్రిలో నర్సు అనదు. నేను డైరీ పట్టుకుని తిరిగిన రోజుల్లో నేనూ అనలేదు.

ఆ పిల్లలకు 22 ఏళ్ళు వచ్చాక వెతికి పట్టుకుంటే 105 మంది దొరికారు. పాల్ గెర్ట్‌లర్, జేమ్స్ హెక్‌మన్ అనే ఆర్థికవేత్తలు, తదితరులు వాళ్ళ సంపాదన లెక్క చూసి 2014లో ప్రకటించారు. గంటసేపు ఆటలాడిన ఇళ్ళ పిల్లలు, ఆ ఆటలు అందనివాళ్ళకన్నా నూటికి 25 వంతులు ఎక్కువ సంపాదిస్తున్నారు. ఎదుగుదల సక్రమంగా ఉన్న ఇతర పిల్లలతో సమానంగా వచ్చారు. పాలపొడి మాత్రమే అందిన పిల్లల్లో అంత దూరం నిలిచిన మేలు కనబడలేదు. ఇరవై ఏళ్ళ కింద ఎవరో ఒకామె వారానికి ఒక గంట వచ్చి కూర్చున్న ఫలితం అది. ఒడిశాలో కూడా ఈ పద్ధతిని మన దేశానికి తగ్గట్టు మార్చి, బొమ్మలూ పాటలూ అక్కడివే పెట్టి చేసి చూశారు, పిల్లలకు మేలు కనబడింది.

ఒక్కోసారి తల్లి మొహం కదలకపోవడానికి అలసట కన్నా లోతైన కారణం ఉంటుంది. కాన్పు తరవాత దిగులు పట్టుకుంటుంది. మా ఊళ్ళలో దీన్ని గాలి సోకిందంటారు, బద్ధకమంటారు, పుట్టింటి మీద బెంగ అంటారు. బిడ్డ ఏడుస్తున్నా వినబడనట్టు గోడకేసి చూస్తూ కూర్చున్న బాలింతలను నేను చూశాను. ఆడపిల్ల పుట్టిందని మొగుడు తొంగి చూడని ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో అతిఫ్ రహమాన్ అనే వైద్యుడి బృందం, మన ఆశాల్లాంటి ఊరి ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, అలా దిగులుపడ్డ గర్భిణుల ఇళ్ళకు పంపింది. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి మామూలు పలకరింపులు మాత్రమే అందినవాళ్ళలో సగానికి పైగా ఇంకా దిగులులోనే ఉన్నారు. ఈ శిక్షణ ఉన్న కార్యకర్తలు వెళ్ళిన ఇళ్ళలో ఆ సంఖ్య నూటికి 23కు దిగింది. మందు బిళ్ళ ఇవ్వలేదు. కూర్చుని విన్నారు, మనసును కుంగదీసే ఆలోచనలను మెల్లగా మళ్ళించారు. ఆ ఇళ్ళలో తల్లే కాదు, తండ్రి కూడా బిడ్డతో ఎక్కువసేపు ఆడాడని తేలింది.

ఇంతసేపూ తల్లి, తల్లి అంటున్నాను. తండ్రులు వింటూ ఉంటే ఒక మాట. అడ్డా మీద నిలబడి పని దొరకక తిరిగొచ్చిన రోజు మీకు ఎంత బరువుగా ఉంటుందో నాకు తెలుసు. ఆ బరువు దించుకోవడానికి కొందరు ఎటు వెళ్తారో కూడా తెలుసు. అటు వెళ్ళే ముందు బిడ్డను భుజానికెత్తుకుని వీధి చివరిదాకా నడవండి. దారిలో కనబడ్డ మేకకు, ట్రాక్టరుకు, బోరింగుకు పేర్లు చెప్పండి. మీ గొంతు బిడ్డకు వేరేగా వినిపిస్తుంది, వేరే మాటలు చెబుతుంది. చెయ్యి చేసుకునే అలవాటు గురించి కూడా చెప్పాలి. దెబ్బ పడితేనే దారికొస్తారని మన పెద్దలు అనుకుంటూ వచ్చారు. రెండేళ్ళవాడికి తాను ఏం చేస్తే దెబ్బ పడిందో తెలియదు. ఎవరిని చూస్తే భయపడాలో తెలుస్తుంది, అంతే. భయంలో ఉన్న బిడ్డ కొత్త వస్తువు ముట్టుకోదు, కొత్త మాట అనదు.

పని ఆపి ఆడించండి అని నేను చెప్పను. చెప్పినా వీలు కాదు. మాట మాత్రం పనిలో కలిసిపోతుంది. బియ్యం ఏరుతూ నాలుగు గింజలు బిడ్డ ముందు పోసి, ఒక చిన్న గిన్నె ఇవ్వచ్చు. నీళ్ళు పోసేటప్పుడు చెయ్యి, కాలు, ముక్కు అని ఒక్కొక్కటీ ముట్టి చెప్పచ్చు. ఉల్లిగడ్డ వాసన చూపించచ్చు. బిడ్డ అడిగినప్పుడల్లా ఫోను చేతికిచ్చి ఊరుకోబెట్టే బదులు గంటె, మూత ఇస్తే చప్పుడు చేసుకుంటుంది. ఇంట్లో అవ్వ ఉంటే ఆమెకు తెలిసినన్ని ఆటలు మా శిక్షణ పుస్తకాల్లో లేవు. తారంగం, దాగుడుమూతలు, వేళ్ళు ముడిచి చక్కిలిగింతలు పెట్టే ఆట, ఇవన్నీ పరిశోధకులు ఇప్పుడు కొత్తగా మెచ్చుకుంటున్న ఆటలే.

కానీ ఆ అరుగు మీది పాపకు ఇంట్లో అవ్వ లేదు. ఆరేళ్ళ అక్క ఉంది.

అంగన్‌వాడీలు మొదలై, అంటే 1975 అక్టోబరు 2 నుంచి లెక్కేస్తే, యాభై ఏళ్ళు దాటాయి. దేశంలో దాదాపు 14 లక్షల కేంద్రాలు ఉన్నాయి. కానీ కేంద్రంలో కూర్చోబెట్టుకుని ఆటపాటలు నేర్పేది మూడేళ్ళు నిండిన పిల్లలకు. మూడేళ్ళలోపు పిల్లలకు మేం ఇంటికి సరుకులు ఇస్తాం, తూకం వేస్తాం, పంపించేస్తాం. మెదడు అన్నిటికన్నా వేగంగా పెరిగే ఆ మూడేళ్ళలో, తల్లి చేనుకు వెళ్ళిన పదకొండు గంటలు బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నకు మా రిజిస్టర్లలో గడి లేదు.

ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదని కాదు. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం కడుతున్న భవనాల దగ్గర, ఇసుకలో దుమ్ములో పడి ఉన్న కూలీల పిల్లలను చూసి మీరా మహదేవన్ అనే మహిళ ఒక గుడారం వేయించారు. కూలీల పిల్లలను చూసుకునే మొబైల్ క్రెష్‌లు అలా పుట్టాయి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం, యాభై మందికి పైగా ఆడకూలీలు ఉన్నచోట ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఉండాలంది. నలభై మంది ఉన్నచోట పిల్లలు ఇటుకల మధ్యే పెరగాలన్నమాట. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఇంతకన్నా మంచి మాట రాశారు. పని జరిగేచోట ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి ఉంటే, వచ్చిన ఆడకూలీల్లోనే ఒకరిని వాళ్ళను చూసుకోవడానికి పెట్టాలని, ఆమెకూ కూలి కట్టివ్వాలని. బహుశా ఆ వాక్యం రాసినవాళ్ళు ఎప్పుడో ఏదో చెరువు గట్టు మీద, చెట్టుకు కట్టిన తొట్టెలలను చూసే ఉంటారు. నేను తిరిగిన ఊళ్ళలో ఆ వాక్యం అమలైన చోట్లు ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టగలను. అమలైన చోట మాత్రం మధ్యాహ్నం అన్నానికి లేచిన తల్లులు పరుగున తమ బిడ్డల దగ్గరికి రావడం, ఏడవని బిడ్డలను చూసి స్థిమితంగా కూర్చుని తినడం నా కళ్ళతో చూశాను.

పత్తి చేలకు అటువంటి చట్టం ఏదీ లేదు. ఆటో ఏడింటికి వస్తుంది, చీకటి పడ్డాక తిరిగొస్తుంది.

ముసురు వెలిసి ఎండ కాసిన రోజుల్లో, ఇంకోసారి ఆ వీధిలో నడుస్తూ ఆ ఇంటి ముందు ఆగాను. తల్లి చేనుకు వెళ్ళింది. అరుగు మీద అక్క, దాని ముందు చెల్లెలు. చెల్లెలికి ఇప్పుడు కూర్చోవడం బాగా వచ్చింది, పట్టుకుని నిలబడుతోంది. అక్క కుండలోంచి చెంబుతో నీళ్ళు తీసి, సన్నగా ధార పోస్తూ, చెల్లెలి చేతిని పట్టి ధార కింద పెడుతోంది. "వాన, వాన" అంటోంది. చెల్లెలు నోరు గుండ్రంగా చేసి ఏదో అనబోయింది, అక్క ఆగింది, అనేదాకా ఓపిగ్గా ఆగింది. "వా" అని వచ్చింది. అక్క నావైపు తిరిగి, "మాట్లాడుతుంది మేడం" అంది.

దాని బడిసంచి లోపల గోడ మేకుకు వేలాడుతోంది. అప్పుడు టైము పదకొండు.